వంతుకు ఒక గొంతు

పునర్వసు కార్తె

గుంజ ఉన్న ప్రతి ఇంట్లో వినికిడి చిట్టా రాయాలట. గుంజ పలికినప్పుడల్లా ఒక గీత గీయాలి. పక్కన ఏమైనా రాసుకోవచ్చుగానీ పైకచేరి వాళ్ళు గీతలు మాత్రమే ఎత్తుకుంటారు, మాటలు ఎవరూ చదవరని చెప్పారు. నాకు మూడో తరగతి చదువు. ఎవరూ చదవరంటే ధైర్యంగానే ఉంది.

ఈ రోజు నా గుంజ పలకలేదు. నిన్నా పలకలేదు. గోడకవతల కోడలి పెట్టె మాత్రం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళకు ఇంకోసారి పలికింది.

"హంపీ, నీళ్ళు కట్టు."

నా కొడుకు గొంతు అది. నా ఓబులేసు గొంతు. పోయిన చిత్త కార్తెలో గుట్టమీది టవరెక్కినప్పుడు వాడిమీద పిడుగు పడింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

వాడు బతికున్నప్పుడు ఊరికి గాలిగంటి. వెనకటికి చెరువు నీళ్ళను మడిమడికీ వంతులేసి పంచే నీరుగంటి ఉండేవాడట. అట్లాగే, మాటలు మోసే గాలిని పంచడానికి గాలిగంటి. ఏ చేనికి దప్పికైందో చెప్పే గుంజలను ఊరంతటికీ వాడే నాటాడు. చేలో గుంజ పలికితే ఇంట్లో పెట్టెలో వినిపిస్తుంది. మా రెండిళ్ళ గుంజల్లో తన గొంతే పెట్టాడు. నా గుంజలో "అమ్మా, నీళ్ళు కట్టు" అంటాడు. దాని గుంజలో "హంపీ, నీళ్ళు కట్టు" అంటాడు. మాట ఒకటే. పిలుపే వేరు.

వేరుకాపురం పెట్టేటప్పుడు వాళ్ళు మిట్టచేను తీసుకుని వంక పక్కనున్న మడి నాకిచ్చారు. మిట్టచేను ఒట్టి ఇసుక. పొద్దున తడిపితే సాయంత్రానికి నోరు తెరుస్తుంది. నా మడిలో ఎప్పుడూ తేమే. మంచి నేల నాకొచ్చిందని అప్పట్లో మురిసిపోయాను. ఎండితేనే గుంజ పలుకుతుందని, పలికితేనే నా కొడుకు నన్ను పిలుస్తాడని ఆరోజు నాకేం తెలుసు?

ఇసుకనేలను చూసి కుళ్ళుకునే రైతు ఈ లోకంలో నేనొక్కదాన్నే ఉంటాను.

పుష్యమి కార్తె

పీరమ్మ మజ్జిగ కోసం వచ్చింది. నేను గోడకు చెవి ఆనించుకుని కూర్చుని ఉన్నాను.

"ఏం సుంకులక్కా, గోడ ఏమన్నా చెప్తాందా?"

"ఎర్రదీపమా, పచ్చదీపమా బయట?"

"ఇంగా ఎర్రదే. పైబండి దాటతాంది."

పైబండ్లు ఆకాశంలో తిరుగుతుంటాయి. ఓడలకూ పట్నాలకూ మాటలు మోస్తాయి. అవి మా నెత్తిమీదుగా పోయేటప్పుడు టవరుకు ఎర్రదీపం వెలుగుతుంది, నేలమీది గుంజలన్నీ నోరు మూసుకోవాలి. పచ్చదీపం వచ్చిందంటే మా వంతు. అప్పుడు ఊరంతా ఒక్కసారిగా లేస్తుంది. పీరమ్మ గుంజకు దాని మనవరాలి గొంతు, "జేజీ, దప్పిక" అని. కిట్టప్ప పొద్దెక్కినా లేవడని ఆయన గొంతే పెట్టించింది పెళ్ళాం, "లేయ్ సోమరోడా, చేను మాడతాంది!" అని. తన గొంతుతో తననే తిట్టించుకుని లేస్తాడు ఆ మనిషి.

పచ్చదీపం వచ్చింది. గోడకవతల వాడు దాన్ని పిలిచాడు. అది గబగబా చెప్పులేసుకుని చేనికి పోయిన చప్పుడు వినిపించింది. పిలిస్తే పోవడానికి దానికొక మనిషి ఉన్నాడు.

"ఒగ దినం పలకలేదని అట్ల మొగం పెట్టుకుంటే ఎట్లక్కా," అంది పీరమ్మ. "మడి తేమగా ఉంటే సంతోషపడల్ల గదా."

"నీ మనవరాలు ఇంట్లో ఉంది. నీకేం చెప్తావులే."

పీరమ్మ మజ్జిగ చెంబు అక్కడే పెట్టి నా పక్కన కూర్చుంది. ఆమె మంచిదే. నేనే ఆమె వెళ్ళేదాకా ముఖం తిప్పుకున్నాను.

ఆశ్లేష కార్తె

పాలకేంద్రం ముందర అందరినీ పిలిచారు. కోడలు వాడి సంచీ భుజానికేసుకుని నిలబడింది. వాడి వినికిడి కర్ర కూడా దాని చేతిలోనే. నెల తిరక్కముందే ఆ పని దానికిచ్చేశారు. వాడి పేరుకు ముందున్న మాటను ఊడదీసి దాని పేరుకు తగిలించారు. గాలిగంటి హంపమ్మ అంటున్నారు.

"పైబండ్లు ఇంగా వస్తాయంట," అని చెప్పింది. "మన వంతు తగ్గతాది. ఎర్రదీపం శానాసేపు ఉంటాది. ఉండే కాసింతలో అందరం సర్దుకోవల్ల."

"వాళ్ళను సర్దుకోమను," అన్నాడు కిట్టప్ప. "పైన అంత జాగా ఉంది గదా. కిందోళ్ళ గాలి కూడా కావల్నా వాళ్ళకు?"

"వాళ్ళదీ మనదీ ఒగటే గాలి మామా. ఇద్దరూ ఒగేసారి అరిస్తే ఎవరి మాటా చేరదు."

పిల్లలకు చెప్పినట్టు అన్నీ చెప్పింది. గుంజ పలికే ముందు చెవి పెట్టి వింటుందట. ఇంకొకరు మాట్లాడుతుంటే ఆగుతుందట. అందరూ ఆగి ఉంటే ఎక్కువ ఎండిన దానికి ముందు మాటట. గుంజకు చెవి నడుం దగ్గర, నోరు తలమీద. గొంతుతో పిలిస్తే ఎక్కువ గాలి పడుతుంది, ఒక్క పిలుపుకు పట్టే గాలితో ఒక వీధి గుంజలన్నీ టక్కుమని కొట్టి ఊరుకోవచ్చట. వంతు మరీ తగ్గితే గొంతులన్నీ తీసేసి టక్కులే పెట్టాల్సి వస్తుందంది.

ఈ సంగతులన్నీ దానికి ఎవరు నేర్పారు? నా కొడుకే. అన్నాలు తిని మంచమ్మీద పడుకుని ఆకాశం చూస్తూ చెప్పుంటాడు. నాకు మాత్రం "నీకర్థం కాదులేమ్మా" అనేవాడు.

గొంతులు తీసేస్తారనే మాట ఒక్కటే నాకర్థమైంది. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించలేదు.

మఖ కార్తె

ఎక్కువ ఎండినదానికి ముందు మాట. ఈ మాట నా తలలో తిరుగుతూనే ఉంది.

పొయ్యిలో బూడిద ఎత్తి ఖాళీ నూనెడబ్బాలో పోశాను. ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని నెత్తిన పెట్టుకుని మడికి పోయాను. గుంజను పీకాను. వాడు నాటినప్పుడు రాయిపెట్టి కొట్టిన గుర్తు తలమీద అట్లాగే ఉంది. గుంజను నడుం దాకా బూడిదలో దిగేసి, డబ్బాను గట్టుమీద బోదగడ్డి మధ్యన దాచాను.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుండగానే పిలిచాడు.

"అమ్మా, నీళ్ళు కట్టు."

చెంబు చేతిలోంచి జారింది. చెప్పకూడదుగానీ, లోపలికి పరిగెత్తి పెట్టెను పట్టుకుని "వస్తాండా నాయనా" అన్నాను. మళ్ళీ పిలిచాడు. సంగటి కెలికేటప్పుడు పిలిచాడు. బట్టలారేసేటప్పుడు పిలిచాడు. నేను కావాలనే పలక్కుండా ఊరుకుంటే, చిన్నప్పుడు కొంగు పట్టుకుని లాగినట్టు మళ్ళీ మళ్ళీ పిలిచాడు.

గోడకవతల ఏ చప్పుడూ లేదు. అదీ బాగుంది. ఉన్నమాటే రాస్తున్నాను. అది ఇంకా బాగుంది.

చిట్టాలో గీతలు గీయడానికి జాగా చాల్లేదు.

పుబ్బ కార్తె

మిట్టచేనిలో వేరుశనగ వాలిపోయింది. ఊడలు దిగే సమయం, ఇప్పుడు నీళ్ళు తప్పితే కాయ పట్టదు. దారిన పోతూ చూశాను. ఆకులు చేతులు ముడుచుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి.

నా కాళ్ళు అక్కడ ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఆగలేదు.

సాయంత్రం కోడలు వచ్చి గడపమీద కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పగలంతా టవరు పనితోనే సరిపోతుంది గనక పిలుపు వస్తేనే చేనికి పోవడం దానికి అలవాటు.

"అత్తా, నా పెట్టె పలకడం లేదు."

"చెడిపోయిందేమో."

"లేదు. ఇప్పి సూసినా. బాగానే ఉంది. గుంజా బాగానే ఉంది. పిలవడమే లేదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చేను పోతే పోయింది. మళ్ళీ ఏస్తా. ఆయప్ప ఎందుకు పిలవడంల్యా నన్ను?"

సరిగ్గా అప్పుడే నా పెట్టె "అమ్మా, నీళ్ళు కట్టు" అంది.

అది తలెత్తి నా పెట్టెవైపు చూసింది. దాని ముఖంలో ఆ చూపు నేను ఎరుగుదును. రోజూ గోడవైపు చూసేటప్పుడు నా ముఖంలో ఉండేది అదే అయ్యుంటుంది. కడుపులో చల్లగా అనిపించింది. ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు.

"వంక పక్క మడికి ఇంత దప్పికేంది అత్తా?" అంది.

"ఎండలు గదా," అన్నాను.

ఉత్తర కార్తె

వంతులేసే పైకచేరి నుంచి హెచ్చరిక వచ్చింది. మా ఊళ్ళో ఏదో గుంజ ఎర్రదీపంలో కూడా మాట్లాడుతోందట. పైబండి మాటల మీద పడి అరుస్తోందట. దాన్ని ఆపకపోతే ఊరి వంతు మొత్తం రద్దు. అంటే ఏ గుంజా పలకదు. టక్కు కూడా ఉండదు. రోజూ అందరూ చేను చేనుకూ తిరిగి మట్టి పిసికి చూసుకోవాలి.

ఊరు భగ్గుమంది. కిట్టప్పైతే వీధిలో నిలబడి "ఆ గుంజ దొరికితే దాని నాయన నెత్తిన కొడతా" అన్నాడు. చేసింది నాయన కాదు, అమ్మ అని ఆయనకు తెలియదు పాపం.

మధ్యాహ్నం కోడలు వినికిడి కర్ర పట్టుకుని మళ్ళల్లోకి దిగింది. అరిచేదాని దగ్గరికి పోయేకొద్దీ ఆ కర్ర కీచుమంటుంది. నేను గట్టుమీద నిలబడే ఉన్నాను. కర్ర నా మడివైపు తిరిగింది. కీచుమంటూ, కీచుమంటూ బోదగడ్డిలోకి వచ్చింది.

"అత్తా, ఈ డబ్బా ఏంది?"

"బూడిద. మడికి ఎరువు."

"గుంజ ఎరువు తింటాదా?"

అది మోకాళ్ళమీద కూర్చుని డబ్బాలో చెయ్యి పెట్టింది.

"దీని చెవి రేకులోపల మూసుకుపోయిందత్తా. టవరు ఎర్రదీపం అని చెప్పేది ఇనపడదు. నా గుంజ మాట్లాడతాదనేదీ ఇనపడదు. ఎవురిమాటా ఇనకుండా తనపాటికి తాను అరస్తానే ఉంది. దీనికి దగ్గరుండే నా గుంజేమో ఎవురో మాట్లాడతాండారని మర్యాదగా ఆగింది. ఆగి ఆగి చేనంతా..."

తిడుతుందని చూశాను. తిట్టుంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. అది సంచీలోంచి చిన్న పెట్టె తీసి నా గుంజకు కలిపింది.

"అమ్మా, నీళ్ళు కట్టు."

మళ్ళీ పలికించింది. మళ్ళీ.

"మీ ఇంట్లో పెట్టె చప్పుడు తగ్గించి పెట్టుకోనుండావా?"

"ఏం?"

"ఎనకాల ఇను."

చప్పుడు పెంచింది. వాడి మాట వెనక, దూరంగా, గిన్నెల మోత. ఒక ఆడగొంతు. "సంగటి సల్లారతాంది, ఇంగ రారా!" నా గొంతే. వాడు "కట్టు" అంటూ చివర్న నవ్వుతాడు, ఆ నవ్వు ఆ కేకకే. ఇన్నాళ్ళూ వాడి ఒక్కడి గొంతు కోసమే చెవులు రిక్కించాను. నేను కూడా అందులో ఉన్నానని నాకు తెలియదు.

"నా దాంట్లో ఆయప్ప ఒక్కడే ఉండాడు," అంది. "టవరుకాడ పట్టినాడు. ఎనకాల గాలి తప్ప ఏమీ లేదు. నీ దాంట్లో మీరిద్దరూ ఉండారు. నీ గుంజ ఎప్పుడు పలుకుతాదా అని ఎన్నిసార్లు గోడకాడ కూచున్నానో నీకేం తెలుసు."

"నామీద నీకు కుళ్ళా?" అన్నాను. నమ్మలేక అడిగాను.

"కాకుంటే? నీకొక్కదానికేనా ఉండేది?"

డబ్బా బోర్లించి బూడిద దులిపింది. గుంజను తడిమట్టిలో నాటి, వాడు కొట్టిన గుర్తుమీదే రాయితో కొట్టింది. పోయింది. చేతులకంటిన బూడిద కూడా కడుక్కోలేదు.

హస్త కార్తె

ఎర్రదీపంలో అరిచిన గుంజ దొరికిందని, ఆపామని కోడలు పైకి చెప్పింది. ఎవరిదో చెప్పలేదు. కానీ కర్ర ఏ మడి దగ్గర ఆగిందో ఊళ్ళో అందరూ చూశారు.

వంతు రద్దు కాలేదుగానీ బాగా కోసేశారు. ఇక గొంతులు లేవు, టక్కులే. ఒక్కటి మాత్రం వదిలారు. ఒక వంతుకు ఒక గొంతు పలకవచ్చు. అది ఏ ఇంటిదో ఊరే చెప్పుకోవాలి.

పాలకేంద్రం దగ్గర కిట్టప్ప నావైపు తిరక్కుండానే అన్నాడు, "పోయినోళ్ళ గొంతు కోసం బతికినోళ్ళ చేన్లు ఎండబెట్టేటోళ్ళకు ఇయ్యాల్నా అది?"

నేను తల దించుకున్నాను. నా పక్కనుంచి పీరమ్మ లేచింది.

"యోవ్ కిట్టప్పా, నిన్ను నువ్వు తిట్టుకునేది ఇనడానికి ఇన్నాళ్ళూ ఊరి గాలి వాడితివి, అది దండగ గాదా? సోమరోడా అనే మాటకు నీ పెండ్లాం చాల్దా?"

జనం ఘొల్లుమన్నారు. కిట్టప్ప పెళ్ళాం అందరికంటే గట్టిగా నవ్వింది.

"నా మనవరాలు ఇంట్లో ఉంది," అంది పీరమ్మ. "దాని గొంతు కావల్లంటే గిల్లితే సరి. ఓబులేసు గొంతు ఇంగ యాడా దొరకదు. టవరు నిలబెట్టినోడు. ఆ ఇంటికే ఇయ్యండి."

కిట్టప్ప తువ్వాలు దులిపి, "సరే, ఇయ్యండబ్బా. వాడు మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్న్యాడో," అన్నాడు.

ఇచ్చారు. కానీ ఆ ఇల్లు రెండిళ్ళు. గుంజలు రెండు. గొంతు ఒకటే పలకాలి. ఎక్కువ ఎండిన గుంజదే మాట. అంటే ఎప్పటికీ మిట్టచేనిదే. ఎప్పటికీ "హంపీ" అనే పిలుపే. వంక పక్కన నా గుంజ ఇక జన్మలో పలకదు. కోడలు న్యాయంగా గెలిచింది. ఏమీ అనడానికి లేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు పచ్చదీపం వచ్చింది.

"అమ్మా, నీళ్ళు కట్టు."

నా చెవులను నేనే నమ్మలేదు. మడికి పరిగెత్తాను. మడి నిండుగా తడిగా ఉంది. అక్కడ నాటి ఉన్న గుంజ నాది కాదు. తలమీద రాయిదెబ్బ గుర్తు లేదు. మిట్టెక్కి చూస్తే నా గుంజ వాడిన వేరుశనగ మధ్యన ఇసుకలో నిలబడి ఉంది.

కోడలు టవరు మెట్లకు నూనె పెడుతోంది.

"గుంజలు మారినాయేమే?"

"మారినాయి."

"ఎందుకు?"

"ఈడ పని ఇడ్సిపెట్టి చేనికి పోలేకపోతాండా. నీదైతే పిలిస్తే పరిగెత్తతావు గదా." నావైపు చూడకుండా నూనె పెడుతూనే ఉంది. "మిగిలిన చెట్లకన్నా నీళ్ళు కట్టు. నువ్వు ఎండబెట్టిన చేనే."

చిత్త కార్తె

వాడు పోయి ఏడాది.

ఇన్నాళ్ళూ రోజూ పిలుస్తున్నాడు. పిలిచినప్పుడల్లా మిట్టెక్కి వేరుశనగకు నీళ్ళు కడుతున్నాను. చచ్చిందనుకున్న చేను సగం లేచింది. పెట్టె చప్పుడు పూర్తిగా పెంచాను. వాడి వెనక నా కేక వినిపిస్తోంది. అంతకంటే ఏం కావాలి నాకు?

కానీ పచ్చదీపం వచ్చే వేళకు గోడకవతల పీట జరిపిన చప్పుడు అవుతుంది. అది వచ్చి కూర్చుంటుంది. నా పెట్టె పలికేదాకా అవతల ఊపిరి కూడా వినపడదు. నాకు తెలుసు ఆ కూర్చోవడం ఎట్లా ఉంటుందో. తన పేరు కాని పిలుపు కోసం చెవి ఆనించుకుని కూర్చోవడం.

వారంగా నా మడికి నీళ్ళు ఆపేశాను. వంక వైపు తూము మట్టితో గట్టిగా మూశాను. వరి పాలు పోసుకునే సమయం. తాలు పోతుందని తెలుసు. ఒక మడి పోతే పోనీ. అక్కడున్న దాని గుంజ చుట్టూ నేల ముందు బిగిసింది, తర్వాత చీలింది.

ఈరోజు తెల్లవారకముందే మిట్టెక్కాను. వాడు పిలవకముందే చేనంతా తడిపాను. సాళ్ళల్లో నీళ్ళు నిలబడేదాకా తడిపాను. నా గుంజ మొదట్లో చేత్తో మట్టి తవ్వి ఇంకో బిందె పోశాను. దాని తల నిమిరి, "ఈపొద్దు నన్ను పిలవద్దులే నాయనా" అన్నాను.

ఇంటికొచ్చి పెట్టె పక్కన కూర్చున్నాను. ఎర్రదీపం పోయింది. పచ్చదీపం వచ్చింది. అవతల పీట జరిగింది.

"హంపీ, నీళ్ళు కట్టు."

పీట దబ్బున పడింది. చెప్పులు కూడా వేసుకోకుండా అది బయటికి పరిగెత్తింది. నా గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి లోపలికి చూసింది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు తల వంచుకున్నాను. వంక వైపు పోయింది.

వాడి గొంతులో ఇన్నాళ్ళూ నేను పట్టించుకోని మెత్తదనం ఉంది, దాన్ని పిలిచేటప్పుడు. నన్నెప్పుడూ అట్లా పిలవలేదు. కడుపు భగ్గుమంది. మండనీ.

చిట్టాలో రాయవలసింది ఇదే: ఈ వంతులో నా గుంజ పలకలేదు.